సెక్షన్ 109 కలిపినా తమ్ముణ్ణి పెద్దవాళ్ళ కోర్టుకి పంపరు

అన్నా, ముందు కంగారు పడకండి. తమ్ముడికి 17 ఏళ్ళు, కొట్లాట కేసులో మొదట భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)లోని 118(2) అంటే ప్రమాదకర ఆయుధంతో తీవ్రంగా గాయపరచడం పెట్టి, ఇప్పుడు ఆల్టరేషన్ మెమోతో (సెక్షన్లు మారుస్తూ పోలీసులు ఇచ్చే కాగితం) 109 అంటే హత్యాయత్నం కలిపారు, ఇంక పెద్దవాళ్ళ లెక్కన ట్రయల్ చేస్తారేమో అనే కదా మీ భయం. అలా జరగాలంటే అది హీనస్ (అతి తీవ్రమైన) నేరం అవ్వాలి, అంటే కనీస శిక్ష 7 ఏళ్ళు ఉండాలి, 109(1)లో గరిష్ఠం ఎంతున్నా కనీసం అనేదే లేదు, 2020లో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది, 2021 సవరణలో జువెనైల్ జస్టిస్ చట్టంలోనూ (18 ఏళ్ళలోపు పిల్లల కేసుల చట్టం) రాసేశారు. కాబట్టి ఇది హీనస్ కంటే కిందిదైన సీరియస్ కేటగిరీయే, ఎంక్వైరీ జువెనైల్ బోర్డులోనే నడుస్తుంది, నేరం రుజువైనా స్పెషల్ హోంలో 3 ఏళ్ళకి మించి ఉంచరు.

పోలీసులు మెమో వేసినంత మాత్రాన అయిపోదు, గాయం సర్టిఫికెట్ కాపీ తీసుకుని చూడండి, దెబ్బ చేతికా తలకా, సింపులా (మామూలు గాయమా) గ్రీవియసా (తీవ్ర గాయమా) అన్నది చూపించి 109కి ఆధారం లేదని మీ లాయరు బోర్డు ముందే అభ్యంతరం చెప్పొచ్చు. బెయిల్‌కి జువెనైల్ జస్టిస్ చట్టంలోనే సెక్షన్ 12 ఉంది, నాన్‌బెయిలబుల్ అయినా వర్తిస్తుంది. టెన్త్ మెమో మాత్రం ఒరిజినల్ పట్టుకెళ్ళండి, వయసుకి మొదట చూసేది స్కూలు సర్టిఫికెట్టే. లాయరు ఫీజు కష్టమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా ఇస్తారు, రేపే వెళ్ళండి అన్నా.