ఊరందరి కాపురాలూ చక్కబెట్టే డాక్టరు గారి ఇంట్లో

కావలి నుంచి ఒక సోదరి రాశారు. భర్త మానసిక వైద్యుడు. నెల్లూరు పొగతోటలో క్లినిక్, సాయంత్రాలు భార్యాభర్తలకు కౌన్సెలింగ్, ఎయిర్ రైఫిల్ పోటీల్లో పతకాలు. ‘‘ఇంట్లో నేను నోరు తెరిస్తే కంచం వైపు చూస్తారు. ఆదివారం తెల్లవారితే ఆ బిరుసు కోటు తొడుక్కుని, గోడ మీది నల్లచుక్కకు ఖాళీ తుపాకీ గురిపెట్టి గంటసేపు నిలబడతారు. మొన్న పోటీలో చేయి వణికిందంటే, మీరు రోగులకు రాసే దడ మాత్ర ఒకటి వేసుకోకూడదా అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు’’ అని వారి బాధ.

అమ్మా, ముందు ఆ మాత్ర సంగతి చూద్దాం. ప్రొప్రనలాల్ వంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్నీ చేతి వణుకునూ తగ్గిస్తాయి కనుకనే, షూటింగ్ క్రీడలో వాటిని పోటీ రోజునే కాక మిగతా రోజుల్లోనూ నిషేధించారు. పది మీటర్ల అవతల ఉన్న గురిలో పది పాయింట్ల చుక్క అడ్డుకొలత అర మిల్లీమీటరు. అలాంటి గురికి 75 నిమిషాల్లో 60 సార్లు కాల్చాలి. వణుకును సాధనతో అణచుకోవాలనుకునే మనిషికి మీ మాట మోసం చేయమన్నట్టు వినిపించి ఉంటుంది. అయినా, మీకు ఆ నియమం తెలియదని గ్రహించి ఒక్క మాటలో చెప్పవలసిన వారు రెండు రోజులు మూతి ముడుచుకోవడం నాకు నచ్చలేదు.

ఇక అసలు విషయం. ‘‘పేషెంట్లకు చెప్పినట్టు నాకూ చెప్పండి’’ అని మీరు అంటూ ఉంటే, ఇకపై అనకండి. సొంత ఇంటివారికి కౌన్సెలింగ్ చేయకపోవడం మా వృత్తి మర్యాద. పైగా మీకు కావలసింది డాక్టరు కాదు, భర్త. రోగుల సంగతులు బయటపెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమూ చెబుతోంది, కాబట్టి రోజంతా విన్న పోట్లాటలు ఆయన లోపలే ఉండిపోతాయి. అయితే ‘‘ఈరోజు అలసిపోయాను, అరగంట ఆగి మాట్లాడతాను’’ అని భార్యతో చెప్పడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. ఆ అరగంట ఆయనకు ఇవ్వండి. ఆ తరువాతి అరగంట మీది. ఫోను పక్క గదిలో ఉండాలి, మీరు సలహా అడగకూడదు, ఆయన ఇవ్వకూడదు.

తుపాకీ మానిపించే ప్రయత్నం చేయవద్దు. ఎన్‌సీసీ రోజుల్లో నేనూ రైఫిల్ పట్టినవాణ్ణే. నా గుళ్లు గురి తప్ప అన్నిటికీ తగిలేవి. గుండు వెళ్లాక కూడా తల ఎత్తకుండా క్షణం నిలకడగా ఉండమని మా హవల్దారు అరిచేవాడు. దాన్నే ఫాలో త్రూ అంటారు. మీరు చెప్పడం ముగించాక ఆ క్షణం మీ కోసం ఆగమని డాక్టరు గారిని అడగండి, ఆ భాష ఆయనకు వెంటనే అర్థమవుతుంది.

రెండు నెలలు చూడండి. మార్పు లేకపోతే ఇద్దరూ కలిసి ఆయనతో పరిచయం లేని కౌన్సెలర్ దగ్గరికి, నెల్లూరులో మొహమాటమైతే ఒంగోలుకు వెళ్లండి. ఆయన రానంటే మొదటిసారి మీరొక్కరే వెళ్లండి.