సెల్లులో కనబడేది వేరు, ఉండేది వేరు

అమ్మలూ,

రాత్రి ఫోనులో నీ గొంతు విని మీ అత్తయ్య హడలిపోయింది. ఆఫీసులో ఎవరో ఏదో అన్నారనుకుంది. తీరా చూస్తే ఎక్సెల్‌లో వీలుకప్, అదే, ఒక షీట్లోని పేరుని ఇంకో షీట్లో వెతికి దాని వివరం తెచ్చిపెట్టే ఫార్ములా! పార్టీ పేరు రెండు షీట్లలోనూ కళ్లెదురుగా ఉంది, అయినా ఫార్ములా #ఎన్/ఏ, అంటే దొరకలేదు, అంటోందని నీ ఏడుపు. చిట్టా, ఆవర్జాలు చేత్తో రాసిన రోజుల నుంచి లెక్కల్లోనే ఉన్నవాణ్ణి కదా, ఈ ఏడుపు నేనూ ఏడ్చాను. ఫోనులో సగమే చెప్పగలిగాను, మిగతాది రాస్తున్నాను.

ముందు నీ వీలుకప్ సంగతి. ఆ పార్టీ పేరున్న సెల్లు పక్కన ఖాళీ సెల్లులో లెన్ ఫార్ములా పెట్టు. అది అక్షరాలు లెక్కపెట్టి చెబుతుంది. రెండో షీట్లో అదే పేరుకీ పెట్టు. ఒకచోట 18, ఇంకోచోట 19 వచ్చిందనుకో, దొంగ దొరికినట్టే. పేరు చివర ఎవరో స్పేస్ బార్ నొక్కి వదిలేశారు. ట్రిమ్ పెడితే పోతుంది. ట్రిమ్ పెట్టినా 19 దగ్గరే ఉందంటే ఆ పేరు ఏ వెబ్ పేజీలోంచో కాపీ అయి వచ్చి ఉంటుంది. అక్కడి ఖాళీ చూడ్డానికి స్పేస్‌లాగే ఉంటుంది కానీ దాని నెంబరు వేరు, 160. దానికి సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో క్యార్ 160 ఇచ్చి ఖాళీ చేయాలి. నాకు ఈ 160 సంగతి తెలిసేసరికి ఒక ఆదివారం మొత్తం పోయింది.

పేరు కాకుండా పార్టీ కోడ్ పెట్టి వెతికినా ఇదే గొడవ వస్తుంది. ఒక షీట్లో 1045 అంకెగా, ఇంకో షీట్లో అదే 1045 టెక్స్ట్‌గా ఉంటే ఎక్సెల్ వాటిని ఒకటిగా చూడదు. గుర్తు చాలా తేలిక. అంకె కుడివైపుకి, టెక్స్ట్ ఎడమవైపుకి జరిగి ఉంటుంది, మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కూడా ఉండొచ్చు. ఎవరైనా మధ్యకి జరిపి అందంగా పెట్టారంటే ఆ గుర్తు కాస్తా పోతుంది, అందుకే అంకెలున్న కాలమ్‌ని సెంటర్ చేసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఇంకో తమాషా ఉంది. ఇలాంటి టెక్స్ట్ అంకెల్ని ప్లస్ గుర్తుతో కలిపితే చక్కగా కలుస్తాయి, కాలమ్ మొత్తం కూడే సమ్ ఫార్ములా మాత్రం నోరెత్తకుండా వాటిని వదిలేస్తుంది. కాలమ్ సెలెక్ట్ చేసి, డేటాలో టెక్స్ట్ టు కాలమ్స్‌కి వెళ్లి వెంటనే ఫినిష్ నొక్కు, అన్నీ అంకెలైపోతాయి.

#ఎన్/ఏ వచ్చిందని భయపడకు. అది అరిచి చెబుతోంది, అది మంచిది. నేను భయపడేది అరవనివాటికి. వీలుకప్ చివర ఫాల్స్, అంటే అచ్చంగా అదే కావాలని, పెట్టడం మర్చిపోయావంటే, వరసలో లేని లిస్టులో అది దగ్గరిదేదో పట్టుకుని వేరే పార్టీ బాకీ తెచ్చి పెడుతుంది, ఏ ఎర్రరూ ఉండదు. వెతికే టేబుల్ కదలకుండా ఎఫ్4 కొట్టి డాలర్ గుర్తులు పెట్టకపోతే, ఫార్ములాని కిందికి లాగినకొద్దీ టేబుల్ కూడా జారిపోతూ పైవరసలు బయటికి పోతాయి. ఇక ఇఫ్ఎర్రర్, ఎర్రరు వస్తే దాన్ని కప్పి మనం చెప్పింది చూపించేది! షీటు నీటుగా కనబడాలని ప్రతి ఫార్ములాకీ అది తొడిగి సున్నా చూపించే కుర్రాళ్లని చూశాను. ఎందుకు తప్పిందో తేలాక తొడుగు, అంతకుముందు వద్దు.

లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలోంచి బాకీల లిస్టు ఎక్సెల్‌లోకి దించినప్పుడు అంకె పక్కన డెబిట్, క్రెడిట్ అని కనబడతాయి కదా. సెల్లు మీద నిలబడి పైన ఫార్ములా బార్ చూడు, అక్కడ ఒట్టి అంకే ఉంటుంది. ఆ అక్షరాలు ఫార్మాట్ వేసిన వేషం. క్రెడిట్‌కి మైనస్ ఉండదు కాబట్టి సమ్ కొడితే ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకటిగా కూడేస్తుంది.

తేదీల దగ్గర మాత్రం కాస్త కూర్చో, ఇది డబ్బు పోయే చోటు. ఎక్సెల్‌కి తేదీ అంటే లోపల ఒక అంకె. 2024 ఏప్రిల్ 1 దానికి 45383. కంప్యూటర్ సెట్టింగు అమెరికా పద్ధతిలో ఉంటే, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 03/04/2024 అని వచ్చినదాన్ని మార్చి 4గా తీసుకుంటుంది. 13/04 దగ్గరికి వచ్చేసరికి పదమూడో నెల లేదు గనక దాన్ని టెక్స్ట్‌గా వదిలేస్తుంది. అంటే నెలలో మొదటి పన్నెండు రోజులూ తారుమారై కుడివైపు ఉంటాయి, మిగతావి ఎడమవైపు ఉంటాయి. చాలామంది ఎడమవైపువే చెడిపోయాయనుకుని వాటినే సరిచేస్తారు. నిజానికి చెడినవి కుడివైపువి! ఒక్కొక్కటీ దిద్దుతూ కూర్చోకు, అసలు ఫైలు మళ్లీ తెచ్చి, డేటాలో ఫ్రమ్ టెక్స్ట్ సీఎస్వీ ద్వారా లోపలికి తీసుకుంటూ ఆ కాలమ్ రోజు-నెల-సంవత్సరం వరసలో ఉందని చెప్పు.

సీఎస్వీ ఫైలుని, అంటే కామాలతో విడదీసిన ఒట్టి టెక్స్ట్ ఫైలుని, ఎప్పుడూ డబుల్ క్లిక్ చేసి తెరవకు. ఎకౌంటు నెంబర్ల ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, ఆ తర్వాత సేవ్ కూడా కొట్టావంటే ఇక అంతే. పన్నెండంకెల ఆధార్ నెంబరు 'ఇ+11' అని విచిత్రంగా కనబడితే కంగారొద్దు, కాలమ్ ఫార్మాట్ మార్చితే మొత్తం తిరిగి వస్తుంది. పదహారంకెలవి అలా కాదు. ఎక్సెల్ పదిహేనంకెల దాకానే గుర్తుపెట్టుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది, మళ్లీ రాదు. టైపు చేసేముందే కాలమ్‌ని టెక్స్ట్ చేసుకో.

తెలుగు పేర్ల సంగతి కూడా అడిగావు. సీఎస్వీగా సేవ్ చేశాక పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలే ఉంటే అవి పోయాయి, మొదటి ఫైలు వెతుక్కోవాల్సిందే. అందుకే సేవ్ చేసేటప్పుడు తెలుగు అక్షరాల్ని పోనివ్వని సీఎస్వీ యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. ప్రశ్నార్థకాలు కాకుండా పిచ్చి అక్షరాలు కనబడితే పేర్లు బతికే ఉన్నాయి, యూటీఎఫ్-8 అని చెప్పి మళ్లీ ఇంపోర్ట్ చేసుకో. పాత ఫైళ్లయితే అను అనే పాత తెలుగు ఫాంటులో కొట్టినవి అయ్యుండొచ్చు, ఆ ఫాంటు వేసి చూస్తే తెలుస్తుంది.

మీ ఆఫీసులో ఇంకా పాత రకం ఎక్సెల్ ఫైళ్లు, ఎక్స్‌ఎల్‌ఎస్, వాడుతున్నారన్నావు. దానిలో 65,536 వరసలే పడతాయి, కొత్త రకం ఎక్స్‌ఎల్‌ఎస్ఎక్స్‌లో 10,48,576. ఆ తేడా చిన్నదనుకోకు. 2020లో ఇంగ్లండు ప్రజారోగ్య శాఖ ఈ పాత ఫార్మాట్‌లో కరోనా ఫలితాలు దింపుకుంటూ, వరసలు నిండిపోయి 15,841 పాజిటివ్ కేసుల్ని లెక్కలో వదిలేసింది. అంత పెద్దవాళ్లకే అలా అయింది.

నాకు జరిగింది కూడా చెబుతాను, నవ్వకు. ఓ నెల ఇరవయ్యో తారీఖు, జీఎస్టీ కట్టాల్సిన ఆఖరి రోజు. అంకెలు మారుస్తున్నాను, మొత్తం మారట్లేదు. ఫార్ములా నాలుగుసార్లు తిరగరాశాను. అసలు విషయం, పొద్దున్న నేను మొదట తెరిచిన ఫైలు మాన్యువల్ కాలిక్యులేషన్‌లో, అంటే మనం చెప్పేదాకా మళ్లీ లెక్కకట్టని పద్ధతిలో, ఉంది, ఆ తర్వాత తెరిచిన ఫైళ్లన్నీ దాని బాటే పట్టాయి. ఎఫ్9 నొక్కగానే మొత్తం మారింది, నా మొహం కూడా. ఫార్ములాస్ ట్యాబులో ఆటోమేటిక్ ఉందో లేదో అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండు.

ఫైలు తెరుచుకోకపోతే, ఓపెన్ బటన్ పక్కన చిన్న బాణం ఉంటుంది, దానిలో ఓపెన్ అండ్ రిపేర్ ఉంది. ముందు ఫైలు కాపీ చేసుకుని ఆ కాపీ మీదే ప్రయత్నించు. కరెంటు పోయి సేవ్ చేయనిదైతే, ఫైల్ మెనూలో ఇన్ఫోకి వెళ్లి మేనేజ్ వర్క్‌బుక్‌లో వెతుకు.

ఆ పార్టీల లిస్టు ఈ రాత్రికి నాకు పంపు. ఎకౌంటు నెంబర్ల కాలమ్ తీసేసి పంపు, అవి నాకు అక్కర్లేదు. లెన్ పెట్టి చూస్తే ఎంత వచ్చిందో కూడా రాయి.

నీ మావయ్య