రెండు వందలకు చేస్తే గది నిండుతుంది, గల్లా నిండదు

ప్రశ్న: బీపీటీ చేసి, హైదరాబాద్‌లో ఓ ఆసుపత్రిలో మూడేళ్లు నెలకు 30 వేలకు పనిచేశాను. రెండు నెలల కింద హనుమకొండ సుబేదారిలో సొంతంగా ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టాను. రోజుకు నలుగురు వస్తున్నారు. చుట్టుపక్కల సిట్టింగ్‌కు 300 తీసుకుంటున్నారు. 200 పెడితే జనం పెరుగుతారని ఇంట్లో అంటున్నారు. తగ్గించాలా?

జవాబు: వద్దు. ముందు మీరు పంపిన ఖర్చుల చిట్టానే చూద్దాం. కిరాయి 14 వేలు, సాయంగా ఉండే అమ్మాయి జీతం 10 వేలు, మిషన్ల ఈఎంఐ 8,500, కరెంటు, జెల్, దుప్పట్ల ఉతుకుడు కలిపి 5,500. మొత్తం 38 వేలు. అందులో మీ జీతమే రాయలేదు! పాత జీతం 30 వేలు, మిషన్ల రిపేర్లకు ఓ 4 వేలు కలపండి. నెలకు 72 వేలు రావాలి. 24 రోజులు పనిచేస్తే రోజుకు 3 వేలు.

200 చొప్పున అయితే రోజుకు 15 మంది కావాలి. సిట్టింగ్‌కు 40 నిమిషాలు వేసుకున్నా పది గంటలు, తిండికి లేవకుండా. కిరాణా కొట్టు అయితే రేటు తగ్గించి సరుకు ఎక్కువ అమ్మొచ్చు. మీ దగ్గర ఉన్న సరుకు రెండు చేతులు. ఆరు నెలలు అలా చేస్తే మీ బొటనవేళ్లకే ఫిజియో కావాలి.

నేనైతే మొదటి రోజు పరీక్షకు 500, తర్వాత సిట్టింగ్‌కు 350 పెడతాను. రోజుకు ఒక కొత్తవారు, ఏడుగురు పాతవారు వస్తే 2,950. మిషన్ తగిలించి పక్క గదిలోకి వెళ్లిపోయే చోటుకూ, మోకాలు పట్టుకుని 40 నిమిషాలు వంచి చూసే చోటుకూ తేడా పేషెంట్‌కు రెండో రోజే తెలుస్తుంది.

పరకాల, నర్సంపేట నుంచి వచ్చేవాళ్ల సంగతి వేరు. ఆడవాళ్లకు ఆర్టీసీలో జీరో టికెట్ ఉన్నా ఆ రోజు కూలి పోతుంది. మగవాళ్లకు కూలితోపాటు బస్సు చార్జీ కూడా. వాళ్లకు ఫీజు తగ్గించే బదులు, ఇంట్లో చేసుకునే ఎక్సర్‌సైజులు నేర్పి, వారానికి రెండుసార్లే రమ్మనండి.

పది సిట్టింగ్‌ల ప్యాకేజీ పెట్టకండి. నొప్పి తగ్గితే నాలుగో రోజు నుంచి రారు, మిగతా డబ్బులు వాపస్ అడుగుతారు. అప్పటికి అవి కిరాయికి పోయి ఉంటాయి. ఐదింటికి 1,600 చాలు.

పేషెంట్లను పంపినందుకు కమీషన్ అడిగే డాక్టర్లు తగలొచ్చు. అలా తీసుకోవడం వాళ్ల వృత్తి నియమావళికే విరుద్ధం. మీ 350లో అంత వాటా కూడా లేదు.

ఫిజియోథెరపీ వైద్యసేవ కాబట్టి ఫీజుపై జీఎస్టీ లేదు. బెల్టులు, నీ క్యాప్‌లు అమ్మితే ఆ లెక్క వేరుగా రాయండి. ఇక ఆదాయపు పన్ను. ఖర్చుల లెక్కలు చూపకుండా అంచనాగా ఆదాయం చెప్పే ప్రిజంప్టివ్ పద్ధతిలో వసూళ్లలో సగం ఆదాయంగా చూపొచ్చు. నెలకు 72 వేలంటే ఏడాదికి 8.64 లక్షలు, అందులో సగం 4.32 లక్షలు. కొత్త పన్ను విధానంలో దీనిపై పన్ను పడదు కానీ రిటర్న్ మాత్రం వేయాలి.

ఇప్పుడున్న నలుగురితో, 350 చొప్పున, నెలకు 33,600 వస్తాయి. అంటే ఖర్చులకే 4,400 తక్కువ, మీ జీతం సున్నా. నాట్లప్పుడు నడుము నొప్పి ఉన్నా ఎవరూ రారు. పత్తి అమ్ముడయ్యాక నొప్పీ, డబ్బూ కలిసి వస్తాయి. అప్పటిదాకా గడవడానికి ఆరు నెలల ఇంటిఖర్చు వేరే ఖాతాలో ఉంచుకోండి. లేకపోతే సాయంత్రాలు క్లినిక్, పొద్దున ఏదైనా ఆసుపత్రిలో సగం రోజు డ్యూటీ. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఇక ‘మనోళ్లమే కదా’ అంటూ వచ్చే మేనత్తలు, బాబాయిలు. వాళ్లకూ పుస్తకంలో 350 రాయండి, పక్కన ఎంత తగ్గించారో రాయండి. నెలాఖరుకు ఆ కాలమ్ కూడి మీ అమ్మగారికి చూపించండి.