విజయవాడలో కొత్త నవలలు, ఆత్మకథలు ఎలా వెతుక్కోవాలి: నా అనుభవం

ఉద్యోగం మీద విజయవాడ వచ్చానని మీరు ఉత్తరంలో అన్నారు. కాలేజీలో యండమూరి, మధుబాబు తెగ చదివారు, తర్వాత పుస్తకం పట్టుకోలేదు, ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలని ఉంది. థ్రిల్లర్లే కాకుండా చరిత్ర, పల్లె జీవితం, ఆత్మకథలు కూడా కావాలి, కానీ ఎవరిని అడిగినా అవే పాత పేర్లు చెబుతున్నారని రాశారు. మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. నేనూ కొన్నాళ్లు ఇలాగే తిరిగాను.

ఒకప్పుడు నవల మనల్ని వెతుక్కుంటూ ఇంటికే వచ్చేది. మా అమ్మ వారపత్రికలో సీరియల్ కాగితాలు జాగ్రత్తగా చింపి, అన్నీ అయ్యాక బైండు చేయించేది. ఆ బైండు పుస్తకాలు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. కథ సగంలో తలనొప్పి మాత్రల ప్రకటన, పేజీ వెనక వేరే కథ తాలూకు చివరి పేరా. ఏది బాగుందో ఎడిటరు ఎంచేవాడు, వీధి చివర అద్దె లైబ్రరీ అతను రెండోసారి ఎంచేవాడు. వారపత్రికలు చాలామటుకు ఆగిపోయాయి, అద్దె లైబ్రరీలు మూతపడ్డాయి. నవలలు మాత్రం వస్తూనే ఉన్నాయండీ. వాటిని మన దాకా తెచ్చేవాళ్లే తగ్గారు. కాబట్టి ఆ పని మనమే చేసుకోవాలి.

నేను చేసేది చాలా మామూలు పని. నచ్చిన పుస్తకం పూర్తి కాగానే పక్కన పెట్టేయను. దాని ముందుమాటలో ఏయే పుస్తకాల పేర్లు వచ్చాయో, ఎవరికి అంకితం ఇచ్చారో, చివరి పేజీల్లో ‘మా ఇతర ప్రచురణలు’ అని ఏమేం వేశారో చూస్తాను. కొండపల్లి కోటేశ్వరమ్మగారి ‘నిర్జన వారధి’ నాకు అలాగే దారి చూపించింది. ఆవిడ మన పామర్రులో పుట్టిన మనిషి. పసితనంలోనే పెళ్లి, వైధవ్యం, తర్వాత కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్త దూరం కావడం, పిల్లల్ని పోగొట్టుకోవడం. తొంభై దాటాక, 2012లో ఆ పుస్తకం వచ్చింది. అంత దుఃఖాన్నీ గొంతు పెంచకుండా చెబుతారు. చదివాక రెండు మూడు రోజులు ఇంకేదీ చేతికి ఎక్కలేదు. అది హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. వాళ్ల పుస్తకాల పట్టిక పట్టుకుని వెళితే వై.బి. సత్యనారాయణగారి ‘మా నాయన బాలయ్య’ దొరికింది. రైల్వేలో చేరి, పిల్లల చదువే ప్రాణంగా బతికిన ఒక దళిత కుటుంబం మూడు తరాల కథ. అక్కడి నుంచి డాక్టర్ కేశవరెడ్డిగారి ‘అతడు అడవిని జయించాడు’. తప్పిపోయిన పంది కోసం ఒక ముసలాయన రాత్రివేళ అడవిలోకి పోతాడు. కథంతా అంతే, కానీ ఏ థ్రిల్లర్‌కూ తీసిపోని టెన్షన్. మీరు మొదలుపెట్టాల్సింది దీనితోనేనని నా గట్టి నమ్మకం. చిన్న నవల, ఒక ఆదివారం చాలు.

నాకు బాగా పనికొచ్చిన ఇంకో అలవాటు, ఒకే కాలం గురించి ఒక ఆత్మకథ, ఒక నవల కలిపి చదవడం. ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’ తీసుకోండి. ఒంగోలులో తల్లి పూటకూళ్లిల్లు నడిపి పెంచిన కుర్రాడు పెద్ద నాయకుడైన కథ. దానితోపాటే గుంటూరులో శారదా నికేతనం పెట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ చదవండి. సహాయ నిరాకరణ రోజుల్లో జైల్లో ఉండి రాసిన నవల, అప్పటి ప్రభుత్వం నిషేధించింది కూడా. ఒకదానిలో కోర్టులు, సభలు, కాంగ్రెసు. రెండోదానిలో అదే కాలంలో కూలి గింజల దగ్గర నలిగిపోయే జనం. రెండూ చదివితే ఆ రోజులు నిండుగా కనిపిస్తాయి.

కొత్తవాటి విషయానికొస్తే, అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా పెట్టే నవలల పోటీ ఫలితాలు చూస్తూ ఉండండి. బహుమతి వచ్చిన ప్రతిదీ గొప్పదని అనను. కానీ బండి నారాయణస్వామిగారి ‘శప్తభూమి’, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి ‘కొండపొలం’ ఆ దారినే వచ్చాయి. మొదటిది పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ కథ, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది. రెండోది కరువులో గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కిన కాపరుల కథ, 2021లో సినిమాగా వచ్చింది. సినిమా చూసి ఉన్నా సరే నవల చదవండి, అడవి అసలు రూపం పుస్తకంలోనే ఉంది. కొనేముందు అభిప్రాయాలు కావాలంటే ఇంటర్నెట్‌లో పుస్తకం.నెట్, ఈమాట పత్రిక చూడండి. అక్కడ రాసేవాళ్లు నిజంగా చదివి రాస్తారు.

ఇక ఊళ్లో ఎక్కడంటే, ఏలూరు రోడ్డు మీద విశాలాంధ్ర, ప్రజాశక్తి పుస్తకాల షాపులు ఉన్నాయి. కౌంటర్ దగ్గర “మంచి పుస్తకం ఇవ్వండి” అంటే ఎవరికైనా నోటికొచ్చేవి ఆ పాత పేర్లే. “కేశవరెడ్డి నచ్చాడు, అలాంటి పల్లె నేపథ్యం ఇంకేముంది?” అని అడిగి చూడండి, మనిషి లేచి లోపలి అరలోకి వెళతాడు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులకు మాత్రం తీరిక చేసుకుని వెళ్లాలి. పోటీ పరీక్షల గైడ్ల కట్టల కింద, ఏదో మూతపడిన గ్రంథాలయం ముద్రతో, అట్ట ఊడిన ఆత్మకథలు దొరుకుతాయి. కొనేముందు మధ్యలో రెండు పేజీలు తిరగేస్తాను. అప్పటి బియ్యం ధర, ఇంటి అద్దె, అన్నదమ్ముల తగాదా లాంటివి కనిపిస్తే వెంటనే తీసుకుంటాను. ఎక్కడ తెరిచినా సన్మానాలు, శాలువాలే ఉంటే తిరిగి అక్కడే పెట్టేస్తాను.

డబ్బు పెట్టే ముందు చదివి చూడాలంటే ఠాగూర్ గ్రంథాలయం, రామ్మోహన గ్రంథాలయం ఉన్నాయి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది ఈ ఊళ్లోనేనండీ. అలాంటి చోట ఉంటూ లైబ్రరీ గుమ్మం తొక్కకపోతే నాకు బాధగా ఉంటుంది. గుంటూరు వెళ్లే పని పడితే బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం చూసి రండి, పాత పత్రికలు, పాత ముద్రణలు ఇష్టమైతే గంటలు తెలియవు.

జనవరిలో పుస్తక మహోత్సవం ఎలాగూ ఉంది. 1989 నుంచి జరుగుతోంది, ఈమధ్య ఇందిరాగాంధీ స్టేడియంలో పెడుతున్నారు. ఆదివారం సాయంత్రం వెళితే జనంలో అట్టలు తప్ప ఏమీ చూడలేరు. మామూలు రోజు, తెరిచిన కాసేపటికే వెళ్లండి. పెద్ద స్టాళ్లు ఏడాదంతా ఏలూరు రోడ్డులో దొరికేవే కాబట్టి ముందు చిన్న ప్రచురణకర్తల దగ్గర ఆగండి. చాలా చోట్ల రచయితలే కూర్చుని ఉంటారు. వాళ్ల పుస్తకం గురించి అడగడంతోపాటు, ఈమధ్య వాళ్లు చదివినవాటిలో ఏది నచ్చిందో అడగండి. నా అరలో ఉన్న మంచి నవలల్లో కొన్ని అలా తెలిసినవే.