మీరడిగారు: నాలుగు కొవ్వొత్తులు, ఒక మారుపేరు

ప్రశ్న: అన్నా, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, డిగ్రీ చదువుతున్నా. సంక్రాంతికి మా ఊరి స్టేజి మీద ప్రతి ఏడూ స్కిట్ రాసేది నేనే. మొన్న ఫోన్‌లో ఒక పాత ఇంగ్లీష్ కామెడీ చూశా, ఇనప సామాన్ల కొట్టుకి ఒక లావుపాటాయన వచ్చి ఏదో అడుగుతుంటే కౌంటర్ వెనకాల పొట్టాయన నాలుగు కొవ్వొత్తులు తెచ్చిస్తాడు, జనం పగలబడి నవ్వుతున్నారు. ఎవరాయన? రాసిందెవరు? తెలుగులో వేసుకోవచ్చా? ఇంకోటి, నేను రాశానంటే మావాళ్ళు చదవకముందే తీసిపారేస్తున్నారు, ఈసారి పేరు చెప్పకుండా ఇస్తే తప్పా?

జవాబు: తమ్ముడూ, ఆ లావుపాటాయన రోనీ బార్కర్, పొట్టాయన రోనీ కార్బెట్. ఇద్దరూ రోనీలే కాబట్టి బీబీసీలో వాళ్ళ ప్రోగ్రామ్ పేరు ది టూ రోనీస్, 1971లో మొదలై 1987 దాకా నడిచింది. నువ్వు చూసిన స్కిట్ 1976లోది. రాసింది జెరాల్డ్ వైలీ అని వేసేవాళ్ళు. ఆ జెరాల్డ్ వైలీ ఎవరో తెలిస్తే నీ చివరి ప్రశ్నకి జవాబు దొరికేస్తుంది.

బార్కర్ 1929లో బెడ్‌ఫర్డ్‌లో పుట్టాడు, పెరిగింది ఆక్స్‌ఫర్డ్‌లో. కొన్నాళ్ళు బ్యాంకులో గుమాస్తా, అది వదిలేసి 1948లో ఏల్స్‌బరీ అనే ఊళ్ళో నాటకాల కంపెనీలో చేరాడు. తర్వాత రేడియో, ఆ తర్వాత 1966లో ది ఫ్రాస్ట్ రిపోర్ట్ అనే టీవీ ప్రోగ్రామ్‌లో కార్బెట్, జాన్ క్లీజ్‌లతో కలిసి చేశాడు, అక్కణ్ణుంచి ఊరూవాడా తెలిసిన మొహం అయిపోయాడు.

ఇప్పుడు విను. 1968 ప్రాంతంలో ఫ్రాస్ట్ ఆన్ సండే అనే ఇంకో ప్రోగ్రామ్‌కి జెరాల్డ్ వైలీ పేరుతో స్కిట్లు రావడం మొదలైంది, పోస్టులో వస్తున్నాయి, ఏజెంటు మాట్లాడతాడు, మనిషి మాత్రం కనపడడు. స్కిట్లు బాగున్నాయి. ఎవరై ఉంటారా అని యూనిట్ అంతా లెక్కలేసుకున్నారు, టామ్ స్టాపర్డ్ లాంటి పెద్ద నాటక రచయిత పేరు కూడా అనుకున్నారు. డాక్టర్ గారి వెయిటింగ్ రూమ్ స్కిట్ ఒకటి కార్బెట్‌కి తెగ నచ్చేసి హక్కులు కొనుక్కుంటానని అడిగితే, ఏజెంటు 3000 పౌండ్లు చెప్పాడు. అంత ఎక్కడ పెడతానని కార్బెట్ వెనక్కి తగ్గితే, తర్వాత వైలీ గారు దాన్ని ఉత్తినే ఇచ్చేశారు. చివరికి యూనిట్ అందరినీ ఒక చైనీస్ హోటల్‌కి భోజనానికి పిలిచాడు వైలీ. అందరూ గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. అప్పుడు బార్కర్ లేచి నిలబడి ఆ వైలీని నేనే అన్నాడు. మొదట్లో కొందరు నమ్మలేదు కూడా.

ఎందుకలా చేశాడంటే, షోలో స్టార్ రాశాడని తెలిస్తే బాగోకపోయినా మొహమాటానికి తీసుకుంటారని, ఆయనకి అది వద్దు. నీ సంగతి తిరగేసి ఉంది, నువ్వు రాశావని తెలిస్తే బాగున్నా పక్కన పెడుతున్నారు. రెండు చోట్లా అడ్డం పేరే కదా, కాబట్టి తీసేయ్. తప్పేం లేదు, కాయితం మీద ఏ పేరూ లేకుండా రిహార్సల్‌లో ఇవ్వు, నవ్వొస్తే నవ్వుతారు. అల్లు రామలింగయ్య గారు పుట్టిన పాలకొల్లు పక్కన ఉండి ఎవరో తీసిపారేశారని రాయడం మాత్రం మానకు.

తెలుగులో వేసుకోవడం గురించి. మాటకి మాట మారిస్తే ఆ స్కిట్ చచ్చిపోతుంది తమ్ముడూ. వాడు అడిగేది ఫోర్క్ హ్యాండిల్స్, అంటే మట్టి తిరగేసే పళ్ళ ఫోర్క్‌కి కర్రలు, మనం పార కామ అంటాం చూడు అలాంటివి. వాడి యాసలో హ మింగేస్తాడు, ఫోర్ కాండిల్స్ అని వినపడుతుంది, అంతే సంగతి. కానీ ఒక్క మాటతో ఆగలేదు చూడు, అదీ రాయడమంటే. ప్లగ్స్ అంటాడు, బాత్రూమ్ రబ్బరు బిరడాలు తెచ్చి ఏ సైజు అంటే 13 ఆంప్స్ అంటాడు, వాడికి కావాల్సింది కరెంటు ప్లగ్గులు. ఓస్ అంటాడు, కొట్టాయన హో అనే తవ్వే పనిముట్టు తెచ్చి, హోస్ పైపు తెచ్చి, హోస్ అనే ఆడవాళ్ళ మేజోళ్ళు తెచ్చి, ఆఖరికి గేటు మీద అతికించే ఇంగ్లీష్ 'O' అక్షరాలని తెలుసుకుంటాడు. ఆ తర్వాత పీస్ అంటే ఈసారి నాకు తెలిసిపోయిందిలే అనుకుని నిచ్చెనెక్కి 'P' అక్షరాలు దించుతాడు, వాడికి కావాల్సింది బఠాణీ డబ్బాలు! కొట్టాయన తెలివి నేర్చుకున్న చోటే దెబ్బ తింటున్నాడు, ఆ మెలిక పట్టుకో, మాటలు నీవి పెట్టుకో. అయినా చివరి పంచ్ మీద బార్కర్‌కి తృప్తి లేదట.

మన దగ్గర పట్టీ అనే మాట ఉంది కదా, దాంతో చూడు.

"ఆయ్, చెప్పండి."
"పట్టీలు కావాలండి."
ఇనప పట్టీ బరబరా లాక్కొచ్చి, "ఎన్నడుగులండి?"
"అడుగులేంటండీ, మా అమ్మాయి కాళ్ళకి."
"వెండి కొట్టు అవతల వీధండి."
"వెండెందుకండీ, మడమ బెణికింది, పట్టీ వేస్తేగానీ నడవలేదు."

ఇలా పోయి పోయి కొట్టాయనకి తిక్క రేగి, నీ చేతిలో సామాన్ల పట్టీ ఇటియ్యవయ్యా అంటే, వీడు తాపీగా ఏ పట్టీ అండీ అనాలి. మిగతాది నువ్వు రాయి.

ప్రశ్న: అంత పేరున్నాయన మధ్యలో మానేసి కొట్టు పెట్టుకున్నాడని విన్నాను, నిజమా? డబ్బులు పోయాయా? (తణుకు పాఠకురాలు)

జవాబు: డబ్బులు పోయి కాదమ్మా. 1988లో, ఇంకా 60 రాకుండానే మానేశాడు, రాయడానికి కొత్తగా తట్టట్లేదు, ఇక చాలనుకున్నాడు. భార్య జాయ్‌తో కలిసి చిప్పింగ్ నార్టన్ అనే చిన్న ఊళ్ళో పాత వస్తువుల కొట్టు పెట్టి పదేళ్ళ పాటు నడిపాడు. 2005 అక్టోబరు 3న పోయాడు. మరుసటేడు మార్చిలో లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ అబే అనే పెద్ద చర్చిలో సంతాప సభ పెడితే, మామూలుగా రెండు కొవ్వొత్తులు పట్టుకొచ్చే చోట ఆయన కోసం నాలుగు పట్టుకొచ్చారు.

ప్రశ్న: ఆయనదే ఓపెన్ ఆల్ అవర్స్ అనే సీరియల్‌లో కిరాణా కొట్టు యజమానికి నత్తి. మావారు చూసి నవ్వుతుంటే, మా తొమ్మిదేళ్ళ బాబుకి నత్తి, వాడు లేచి లోపలికెళ్ళిపోయాడు. నేను టీవీ కట్టేశాను. తప్పు చేశానా? (అమలాపురం నుంచి ఒక అమ్మ)

జవాబు: తప్పేం చెయ్యలేదమ్మా, నేనైనా కట్టేసేవాణ్ణి. రాసిన రాయ్ క్లార్క్ స్క్రిప్టులో ఆ నత్తి లేదు, బార్కరే పెట్టుకున్నాడు, కుర్రతనంలో తనతో నాటకాలాడిన గ్లెన్ మెల్విన్ దగ్గర నేర్చుకున్నది. ఆ కొట్టాయన ఆర్క్‌రైట్ తెలివితక్కువాడేం కాదు, పరమ పిసినారి, వీధిలో అందరికన్నా గడుసువాడు, వేళ్ళు కొరికేసేలా మూసుకునే గల్లా పెట్టెకి మాత్రం భయపడేవాడు. బార్కర్ అంటే నాకు ప్రాణం, అయినా ఆ నత్తి మీద పడ్డ నవ్వులు అన్నీ మంచి నవ్వులు అనను. ఆ నత్తి ఉన్న పిల్లాడికి పిసినారితనం కనపడదు కదా, తన నత్తే కనపడుతుంది.

మీవారితో బాబు లేనప్పుడు మాట్లాడండి, గొడవలా కాదు, వాడు లేచి వెళ్ళిన సంగతి చెప్పండి చాలు. స్పీచ్ థెరపిస్టుకి ఒకసారి చూపించండి. ఇంట్లో మాత్రం ఇవాళ్టి నుంచే ఒక పని చెయ్యొచ్చు, వాడు మాట దగ్గర ఆగిపోతే మీరు అందుకుని పూర్తి చెయ్యకండి, నెమ్మదిగా చెప్పరా అని కూడా అనకండి, వాడి మొహం వైపు చూస్తూ చెప్పేదాకా ఆగండి.