అమ్మకి తులసి తీర్థం పొయ్యలేకపోయానన్నావు...

చిట్టితల్లీ,

నీ మెసేజ్ మా వాడు, అదే మీ అన్నయ్య, చదివి వినిపించాడు. వాడు పనికి వెళ్లాక కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ నేనే చదువుకున్నాను. రాత్రి రెండుంపావుకి పంపావు. మీ అమ్మ పోయింది శ్రావణంలో, ఇప్పుడు ఆశ్వయుజం సగం దాటింది. ఇంకా నీకు నిద్ర పట్టట్లేదంటే నా కడుపు తరుక్కుపోయింది.

నువ్వు మూడు అడిగావు. చివర్న అడిగీ అడగనట్టు అడిగినదానికి ముందు చెబుతాను. "అమ్మ నోట్లో తులసి తీర్థం కూడా పొయ్యలేకపోయాను పెద్దమ్మా" అన్నావు. తల్లీ, ఎవరమూ పొయ్యలేదు. ఐసీయూ అద్దం అవతల నేనే ఉన్నాను. చేతిలో చిన్న సీసా, అందులో గోదావరి నీళ్లు, రెండు తులసాకులు. లోపలికి తీసుకెళ్లనివ్వలేదు. గంట తర్వాత అంతా అయిపోయిందన్నారు. ఆ సీసా అలాగే ఇంటికి వచ్చింది. ఇప్పటికీ దేవుడి గూట్లో ఉంది, పారబొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

నా చేతిలో సీసా అయినా ఉంది. నీ చేతికి ఏమీ దక్కలేదు. నిన్ను నిద్రపోనివ్వనిది అదేనని నాకు అనిపిస్తోంది. దానికి పొడి లేదు, మాత్ర లేదు. ఆ చేతికి పని ఇవ్వాలి. మనవాళ్లు పెట్టిన తంతులన్నీ, నాకు అర్థమైనంతలో, ఇందుకే పెట్టారు.

మీ తమ్ముణ్ణి చూడు. పది రోజులు నేల మీద పడక, ఒంటిపూట భోజనం, తెల్లవారకుండా ఏటికి వెళ్లడం, నువ్వులూ నీళ్లూ వదలడం. నల్ల నువ్వులు వేళ్ల సందుల్లో అంటుకుని సాయంత్రం దాకా ఉండేవి. అన్నం తింటూ ఒక్కొక్కటీ గిల్లి తీసుకుంటుంటే చూశాను. పదో రోజు ధర్మోదకాలప్పుడు రేవులో కూలబడి ఏడ్చాడు, వాడితో పాటు మేమంతా ఏడ్చాం. పన్నెండో రోజు సపిండీకరణం అయ్యి, పెద్దల్లో మీ అమ్మను కలిపాం అని పురోహితుడు అన్నాక వాడి మొహం కొంచెం తేటపడింది. నీకు అదేదీ లేదు. పెళ్లైన ఆడపిల్లకి తల్లి మైల మూడు రోజులే అన్నారు, నాలుగో రోజు స్నానం చేయించారు, ఐదో రోజుకి బెంగళూరులో లాప్‌టాప్ ముందు కూర్చున్నావు. చావింట్లో నుంచి వెళ్లేటప్పుడు "వెళ్లొస్తాను" అనకూడదని ఎవరో చెబితే నోరు మూసుకుని కారెక్కావు. ఆ మొహం నాకు కళ్లలోంచి పోవట్లేదు.

శాస్త్రం తప్పని నేననను. మూడు రోజులు మైలకి లెక్క. ఏడుపుకి ఆ లెక్క ఎవరూ పెట్టలేదు. మా అమ్మ పోయినప్పుడు ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చి శోకాలు పెట్టారు. ఒకరు ఆపితే ఇంకొకరు అందుకునేవారు. ఆవిడ చేసిన మంచీ చెడూ, పెట్టిన అన్నం, పడిన కష్టం అంతా ఆ రాగంలో వచ్చేసేది. ఇప్పుడు పలకరింపుకి వచ్చిన ప్రతివాళ్లూ "ఊరుకోమ్మా, ధైర్యంగా ఉండు" అంటున్నారు. నువ్వు ఊరుకోకు. తలుపేసుకుని అయినా గొంతెత్తి ఏడువు.

ఇక చెయ్యాల్సిన పని. బాల్కనీలో ఎండ తగిలే చోట ఒక కుండీ పెట్టి తులసి వెయ్యి. రోజూ పొద్దున్నే కాఫీ కన్నా ముందు, నీ చేత్తో, అమ్మా అని పిలిచి నీళ్లు పొయ్యి. నువ్వు పొయ్యలేకపోయిన తీర్థం అనుకునే పొయ్యి. నేల తడిగా ఉన్న రోజు నాలుగు చుక్కలు చాలు, ఎక్కువైతే వేరు కుళ్లుతుంది. వెన్నులు వచ్చినప్పుడల్లా గిల్లేస్తే గుబురుగా పెరుగుతుంది. ఒకవేళ ఎండిపోయిందనుకో, అపశకునమని గుండె బాదుకోకు. బెంగళూరు చలికి తులసి తట్టుకోకపోవచ్చు. ఇంకో మొక్క తెచ్చి పెట్టుకో, అంతే.

ఆడపిల్లవి, నీకు తర్పణం లేదన్నారని బాధపడ్డావు. మన వైపు ఆడవాళ్ల చేత చేయించరు, నిజమే. కానీ స్వయంపాకం, అంటే వండుకోవడానికి పచ్చి సరుకులు, ఇవ్వడానికి నిన్ను ఆపేవాళ్లెవరు? అమ్మ తిథి బహుళ తదియ. నెలనెలా ఆ రోజు ఎప్పుడొస్తుందో క్యాలెండర్లో గుర్తు పెట్టుకో. బియ్యం, పెసరపప్పు, అరటికాయ, కంద, నెయ్యి, బెల్లం, చింతపండు, పెరుగు, తాంబూలం, దక్షిణ. గుడిలో పూజారి గారికి ఇవ్వు, లేదంటే మీ అపార్ట్‌మెంట్లో పనిచేసే ఏ పెద్దావిడకో ఇవ్వు. ఆన్‌లైన్లో డబ్బు కట్టేసి చేయించామనిపించే పద్ధతి నాకు నచ్చదు. బియ్యం నువ్వు కొలవాలి, కూర నువ్వు ఏరాలి. వీలైతే ఆ రోజు కంద బచ్చలి వండి ఎవరికైనా పెట్టు. మీ అమ్మకి ఎంత ప్రాణమో నీకు తెలుసు.

వచ్చే శ్రావణంలో సంవత్సరీకం అయ్యాక మీ తమ్ముడు గయ వెళ్తానంటున్నాడు. వాడితో నువ్వూ వెళ్లు. గుజరాత్‌లో సిద్ధపూర్‌ని మాతృగయ అంటారు, అక్కడ తల్లికి మాత్రమే పెడతారు. మనకి దగ్గర్లో పిఠాపురం పాదగయ ఉండనే ఉంది. కానీ గయలో తల్లి కోసం మాతృషోడశి అని పదహారు పిండాలు పెట్టిస్తారు, అది నువ్వు పక్కన కూర్చుని వినాలి. మీ పెదనాన్న వాళ్లమ్మకి పెట్టినప్పుడు నేను విన్నాను. ఒక్కో పిండం తల్లి పడిన ఒక్కో కష్టానికి. కడుపులో మోసిన నెలల బరువుకి ఒకటి. పురిటి నొప్పులకి ఒకటి. పక్క తడిపితే రాత్రంతా ఆ తడిలోనే పడుకున్నందుకు ఒకటి. బిడ్డ కోసం చేదు కషాయాలు తాగినందుకు కూడా ఒక పిండం ఉంది తల్లీ. ఆ మాట వినగానే నాకు మీ అమ్మ గుర్తొచ్చింది. నువ్వు పుట్టినప్పుడు మా అమ్మ నూరిన బాలింత మందు, కాయం ముద్ద, ముక్కు మూసుకుని మింగేది. "పాల ద్వారా పిల్లకి వెళ్తుంది, మింగు" అంటే మళ్లీ నోరు తెరిచేది. పురోహితుడు చెప్పే ప్రతి శ్లోకానికీ అర్థం అడుగు. తొందర పెట్టనివ్వకు.

నిద్రకి మందు అడిగావు కదా. మందులంటే నాకు ఇష్టమే, మా పెరట్లో సగం అవే. కాని అవి ఒంటికి పని చేస్తాయి, దిగులుకి కాదు. ఒళ్లు కాస్త నెమ్మదిస్తే దిగులు మొయ్యడం తేలికవుతుంది, అంతవరకే.

సాయంత్రం నాలుగు దాటాక కాఫీ మానెయ్యి. ఒక చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి, పటికబెల్లం వేసుకుని తాగు. అన్నం సయించట్లేదన్నావు. మొదటి ముద్దలో శొంఠిపొడి, నెయ్యి కలుపుకో, తర్వాత మిరియాల చారు. రాత్రి పాలల్లోకి జాజికాయ. సాన మీద పాలచుక్క వేసి రెండు తిప్పులు అరగదీస్తే వచ్చే గంధం చాలు. మంచిదే కదా అని పొడి కొట్టి చెంచాలతో వేసుకోకు, ఎక్కువైతే తల తిరిగి గుండె దడ వస్తుంది. సాంబ్రాణి వేసుకుంటే మనసుకి బాగుంటుంది గానీ, మీ నాన్నకి ఆయాసం. ఆయన వచ్చి ఉన్నన్నాళ్లు పొగ వద్దు.

ఆన్‌లైన్లో తెప్పించుకున్నానన్నావే అశ్వగంధ క్యాప్సూల్స్, వాటిని మాత్రం పక్కన పెట్టు. నువ్వు థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నావు. అశ్వగంధ థైరాయిడ్ మీద పని చేస్తుంది, రెండూ కలిస్తే లెక్క తప్పుతుంది. డాక్టర్ని అడక్కుండా ఒక్కటి కూడా వేసుకోవద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో విను. మీ పెదనాన్న పోయిన కొత్తల్లో నాకూ నిద్ర లేదు. ఆకుమందులిచ్చే ఒకాయన "బీపీ మాత్ర వేడి చేస్తుంది, ఆపెయ్యండి, ఈ పొడి చాలు" అన్నాడు. ఏడుస్తున్న మనిషికి ఎవరేం చెప్పినా నిజమే అనిపిస్తుంది. ఆపేశాను. పన్నెండు రోజులకి నూతి గట్టు దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను.

అప్పుడు వచ్చింది మీ అమ్మ. నెల రోజులు ఉంది. వచ్చిన రోజే ఆ పొడి పొట్లాలు చెత్తలో పారేసి, మాత్ర తన చేత్తో వేసింది. ప్రతి రాత్రీ నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి, నన్ను గడప మీద కూర్చోబెట్టి, తను వెనక పీట వేసుకుని మాడుకి పట్టించేది. ముందు నడినెత్తిన మూడు చుక్కలు, తర్వాత చెవుల వెనక, తర్వాత మెడ. ఏమీ మాట్లాడేది కాదు. ఓదార్చేది కాదు. నూనె ఇంకేదాకా వేళ్లు తిప్పుతూనే ఉండేది. నాలుగో రాత్రో ఐదో రాత్రో, ఆవిడ చేతుల కింద నాకు వెక్కివెక్కి ఏడుపొచ్చింది. ఆపలేదు, చెయ్యి తియ్యలేదు. ఆ రాత్రి మొదటిసారి తెల్లవారేదాకా పడుకున్నాను. నూనె గుణమో, చెల్లెలి చెయ్యి గుణమో అని నేనెప్పుడూ విడదీసి చూడలేదు.

మీ ఆయన్ని అడుగు, రాత్రి అరికాళ్లకి నూనె రాయమని. సిగ్గు పడకు. అబ్బాయి మంచివాడు, ఏం చెయ్యాలో తెలియక ఊరికే నిలబడి ఉంటాడు, చెబితే చేస్తాడు.

ఇంకొక్క మాట. కార్తీకం వెళ్లేదాకా కూడా నిద్ర ఇలాగే ఉంటే, పని చెయ్యబుద్ధి కాకపోతే, డాక్టరు దగ్గరికి వెళ్లు. జ్వరానికి వెళ్లట్లేదూ? బతకాలని లేదనే ఆలోచన ఎప్పుడైనా వస్తే, అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. నాతో చెప్పలేకపోతే 14416 కి చెయ్యి. టెలిమానస్ అని ప్రభుత్వం పెట్టింది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

కార్తీక అమావాస్య మర్నాడు పోలి పాడ్యమి. తెల్లవారుజామునే రేవులో ఆడవాళ్లంతా అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు, నీకు చిన్నప్పుడు గుర్తుండే ఉంటుంది. నూనె కూడా దొరకని కోడలు పోలి, చల్ల కవ్వానికి అంటిన వెన్నతో దీపం పెట్టి బొందితో స్వర్గానికి వెళ్లిన కథ మీ అమ్మే నీకు చెప్పేది. ఆ తెల్లవారికి నువ్వు ఇక్కడ ఉండాలి. ఇది ఆడవాళ్ల తంతు, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముప్పై ఒత్తులు నేను చేసి ఉంచుతాను, దొప్ప నువ్వే కోద్దువు గాని. శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి ఇప్పుడే టికెట్ చేయించుకో, ఆ రోజుల్లో దొరకవు. అన్నయ్య రాజమండ్రి స్టేషనుకి వస్తాడు.

దేవుడి గూట్లో సీసా ఉందన్నాను కదా. రేవు నుంచి వచ్చాక మన పెరట్లో తులసి మొదట్లో నీ చేత పోయిస్తాను. నాలుగు రోజులుండు, తలకి నూనె నేను పెడతాను. ఈసారి బండెక్కేటప్పుడు మాత్రం "వెళ్లొస్తాను పెద్దమ్మా" అని నోరారా చెప్పి వెళ్లాలి.

నీ పెద్దమ్మ