చిన్నప్పటి కోరికల లిస్టు నాలుగు లైన్ల దగ్గరే ఆగిపోతుంటే

చిన్నప్పటి కోరికలు ఓ వంద రాద్దామని కూర్చుంటే వచ్చినవి ఇవేనా: స్విట్జర్లాండ్, సొంతిల్లు, కారు, ఇంకో ఫారిన్ ట్రిప్పు? మీరు రాసిన ఈ నాలుగూ చిన్నప్పటివి కావు, ఇప్పటివి, అందుకే పెన్ను కదలట్లేదు. రెండో క్లాసు పిల్లకి ఈఎంఐల గోల ఎక్కడిది!

1. వయసు వారీగా కాకుండా క్లాసుల వారీగా రాయండి. ఏది అడిగితే ఇంట్లో "తర్వాత చూద్దాంలే" అన్నారో అది. గుర్తు రాకపోతే పిన్నికో అక్కకో ఫోన్ చేయండి, మీరు దేనికోసం కింద పడి దొర్లి ఏడ్చారో వాళ్లకి బాగా గుర్తుంటుంది.

2. అందరూ వదిలేసేది ఇదే: ప్రతి కోరిక పక్కన, అందులో మిమ్మల్ని లాగిందేమిటో రాయాలి. "పైలట్ అవ్వాలి" అని రాసి, ఈ వయసులో ఏం కుదురుతుందిలే అని కొట్టేస్తారు. అప్పుడు కావాల్సింది ఆ ఉద్యోగమా, లేక అప్పట్లో హైదరాబాద్ బేగంపేటలో ఇళ్ల మీదుగా దిగిన విమానంలో కిటికీ పక్క సీటా? సీటే అయితే శంషాబాద్ నుంచి విజయవాడ టికెట్ చాలు.

3. ఊళ్లోనే తీరేది ఒకటి ముందు పెట్టుకోండి. మీది హైదరాబాదే అయితే, సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం బొమ్మని ముందు వరుసలో కూర్చుని చూడాలనుంటే కాస్త ముందే వెళ్లండి, శుక్రవారం సెలవు. నుమాయిష్‌లో, అంటే నాంపల్లిలో ఏటా పెట్టే ఎగ్జిబిషన్‌లో, జెయింట్ వీల్ అయితే జనవరి దాకా ఆగాల్సిందే.

4. వంద రావాలని టార్గెట్ వద్దు. తొమ్మిదొస్తే తొమ్మిదే.